పువ్వు కోశాక నాలుగు ఆకులు



పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్ళినప్పుడు వేదికకు అటూ ఇటూ నిలబెట్టిన పొడుగాటి పూలకాడల్ని మీరు చూసే ఉంటారు. ఒక్కో కాడకు ఒకే వైపున, కింది నుంచి పైదాకా, పది పన్నెండు పువ్వులు. కింద పూర్తిగా విచ్చినవి. మధ్యలో అరవిచ్చినవి. చిట్టచివర పచ్చని మొగ్గలు. ఎరుపు, తెలుపు, పసుపు, గులాబి, వంగపండు రంగు, ఆఖరికి లేత ఆకుపచ్చ కూడా. అదే గ్లాడియోలస్. ఈ పూట ఆ మొక్కను మన పెరట్లో, మన డాబా మీద పెంచుకోవడం గురించి మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇళ్ళలో పెంచే గ్లాడియోలస్‌కు వాసన ఉండదు. జడలోకి రాదు. దండకు కుదరదు. మల్లెలూ చేమంతులూ ఉండగా ఇదెందుకు అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అడగొచ్చు. అడిగితే వాదించకండి. ఒక కాడ కోసి, నీళ్ళు పోసిన కూజాలో నిలబెట్టి, హాల్లో పెట్టండి. కింది పువ్వు వాడేసరికి దాని పైమొగ్గ విచ్చుతుంది. రేపు ఇంకొకటి. ఎల్లుండి మరొకటి. వారం రోజులపాటు, చలికాలమైతే ఇంకా ఎక్కువే, ఆ కాడ పూస్తూనే ఉంటుంది. అప్పుడు వాళ్ళే అడుగుతారు, మళ్ళీ ఏడు ఎన్ని దుంపలు నాటుతావని.

మళ్ళీ ఏడు అన్నాను. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అక్కడే ఉంది.

చాలా ఇళ్ళలో ఏం జరుగుతుందంటే, నర్సరీలో దుంపలు కొంటారు. నాటుతారు. సంక్రాంతి రోజులకు పూస్తుంది. మురిసిపోయి కాడను మొదలంటా కోస్తారు. ఇక మొక్కతో పనైపోయిందని పీకేస్తారు, లేదా నీళ్ళు మానేస్తారు. మరుసటి ఏడు మళ్ళీ కొనాలి. మన ఎండలకు ఇది నిలవదండీ అంటారు. నిలుస్తుంది. పువ్వు కోశాక కూడా నెలన్నర, రెండు నెలలు ఆ మొక్కను కనిపెట్టుకుని ఉంటే తప్పకుండా నిలుస్తుంది. కాడ కోసేటప్పుడు మొక్కకు కనీసం నాలుగు ఆకులు వదలాలి. నాలుగు ఆకులు. నేను చెప్పే మిగతావి మరిచిపోయినా పర్లేదు, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

గ్లాడియోలస్ దుంప పైకి ఉల్లిగడ్డలా ఉంటుంది, గోధుమరంగు పొట్టుతో. కోసి చూస్తే మాత్రం పొరలుండవు. లోపలంతా చేమదుంపలా గట్టిగా ఉంటుంది. ఆ గట్టిదనమంతా మొక్క దాచుకున్న తిండే. ఈ మొక్క జాతుల్లో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికావి. అక్కడ ఏడాదిలో కొన్ని నెలలు చినుకు రాలదు. ఆ రోజుల్లో పైన ఆకులన్నీ ఎండిపోతాయి. ప్రాణమంతా నేలలో, దుంపలో ఉంటుంది. తడి తగిలాక మళ్ళీ మొలకెత్తుతుంది.

ఇందులో ఒక విశేషముంది. మీరు నాటిన దుంప మీకు తిరిగి రాదు. మొలక వేయడానికీ, ఆకు తొడగడానికీ అందులోని తిండంతా ఖర్చయిపోతుంది. అది వట్టిపోయి, ముడుచుకుపోతుంది. దాని నెత్తిమీద, కాడ మొదట్లో, ఇంకో దుంప పుడుతుంది. పూత వచ్చేనాటికి ఈ కొత్త దుంప ఇంకా చిన్నదే. అది లావెక్కేది పువ్వు అయిపోయిన తర్వాతే. లావెక్కించేది ఆకులే. ఆకులన్నీ పువ్వుతోపాటు కోసేసుకుంటే దానికి తిండి పెట్టేదెవరు? అందుకే నాలుగు ఆకులు వదలమంటున్నాను. ఆ నాలుగు ఆకులూ వచ్చే ఏటి పువ్వువి. వాటిని కోసుకునే హక్కు మనకు లేదు.

సరే, ఇప్పుడు మొదటి నుంచి వద్దాం.

దుంప కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉండాలి. మెత్తబడితే వద్దు. వెడల్పుగా, పల్చగా, బిళ్ళలాగా ఉన్నదానికన్నా, కాస్త చిన్నదైనా నడుమ ఉబ్బెత్తుగా ఉన్నది మేలు. ఇది నర్సరీలో చాలామందికి తట్టదు. పెద్ద బిళ్ళను చూసి ముచ్చటపడి తీసుకుంటారు. పల్చటిది చాలాసార్లు ముదిరిపోయిన దుంప అయి ఉంటుంది. ఉబ్బెత్తుదే మంచి కాడ ఇస్తుంది. అడ్డంగా కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు ఉంటే చాలు. పొట్టు కొద్దిగా తొలగించి చూడండి. గోధుమరంగు, నల్లరంగు మచ్చలుంటే అది తెగులు. అలాంటిది ఊరికే ఇచ్చినా తేవద్దు.

రకాల సంగతికి వస్తే, విదేశాల నుంచి వచ్చిన వైట్ ప్రాస్పెరిటీ, అమెరికన్ బ్యూటీ వంటివి నర్సరీల్లో కనిపిస్తాయి. మన దేశంలో తయారైన మంచి రకాలూ ఉన్నాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. మీరా, శోభ, ఆర్తి, పూనమ్, సప్న, ధీరజ్, ఇవన్నీ అక్కడ పుట్టినవే. మీరా తెల్లగా పూస్తుంది. శోభది లేత గులాబి. వైల్డ్ రోజ్ అనే రకం దుంపలకు గామా కిరణాలు తగిలించి శోభను సాధించారు. ధీరజ్ దుంపకుళ్ళు తెగులును తట్టుకుంటుంది. దొరికితే మన రకాలతోనే మొదలుపెట్టమంటాను.

ఎప్పుడు నాటాలి? వానలు వెనకబట్టాక. మన మైదాన ప్రాంతాల్లో దసరా దాటినప్పటి నుంచి నవంబరు ఆఖరుదాకా మంచి కాలం. దీపావళిని గుర్తు పెట్టుకోండి. దీపావళికి ముందో వెనకో నాటాలి. నెల్లూరు, తిరుపతి వైపు శ్రోతలు మాత్రం కాస్త ఆగండి. మీకు ఆ రోజుల్లోనే జడివానలు. దుంప నీళ్ళలో నానితే కుళ్ళిపోతుంది. వానలు తెరిపిచ్చాక, డిసెంబరు మొదట్లో నాటినా మీకు పూస్తుంది. రకాన్ని బట్టి నాటిన 60 రోజుల నుంచి 100 రోజుల లోపు పూత వస్తుంది. అరకు, లంబసింగి వంటి చల్లని చోట్ల ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. చలికి కాడ పొడుగు సాగుతుంది, రంగు చిక్కబడుతుంది.

ఇంకో చిన్న కిటుకు. మీ దగ్గరున్న దుంపలన్నీ ఒకే రోజు నాటకండి. ఇవాళ కొన్ని. పదిహేను రోజులు పోయాక కొన్ని. మళ్ళీ పదిహేను రోజులకు కొన్ని. అలా నాటితే పూత కూడా అలాగే విడతలుగా వస్తుంది. ఇంట్లో ఎప్పుడూ ఒక కాడ ఉంటుంది.

చోటు ఎండపొడ బాగా తగిలేదై ఉండాలి. చెట్టు నీడన నాటితే ఆకులు పెరుగుతాయి, పువ్వు రాదు. మట్టి గుల్లగా ఉండాలి. నీళ్ళు నిలవకూడదు. నల్లరేగడి అయితే ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, మడిని కాస్త ఎత్తు చేసుకోండి. చివికిన ఎరువు అన్నాను. పచ్చిపేడ వేస్తే దుంప కుళ్ళుతుంది. డాబా మీద పెంచేవాళ్ళు పన్నెండు అంగుళాల కుండీ తీసుకోండి. అందులో ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు సమంగా కలిపి నింపండి. ఒక కుండీలో నాలుగు దుంపలు హాయిగా పెరుగుతాయి.

నాటే ముందు దుంపల్ని తెగులు మందు నీళ్ళలో అరగంట ఉంచి తీయాలి. కార్బెండజిమ్ అయితే లీటరుకు రెండు గ్రాములు. చేతికి తొడుగు వేసుకుని ఆ పని చేయండి. రసాయనం వద్దనుకునేవాళ్ళు ట్రైకోడెర్మా పొడిని మట్టిలో కలుపుకోవచ్చు. ఇక నాటడం. మొలక వచ్చే మొన పైకి ఉండాలి. చేతి నాలుగు వేళ్ళ వెడల్పంత లోతు. దుంపకూ దుంపకూ మడిలో జానెడు ఎడం. చెప్పిన లోతుకన్నా పైపైన పెడితే మొక్క ఎదిగాక కాడ బరువుకు పక్కకు ఒరుగుతుంది. ఆసరాగా ఒక వెదురు పుల్ల కూడా ఇప్పుడే, నాటేటప్పుడే గుచ్చేయండి. తర్వాత గుచ్చితే అది నేలలో తిన్నగా దుంపలోకి దిగవచ్చు.

ఇక నీళ్ళు. మొలక వచ్చేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు. మొలకెత్తాక ఆకులు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు. మూడో ఆకు వచ్చిన రోజులు చాలా ముఖ్యం. బయటికి మీకేమీ కనిపించదు. లోపల, ఆకుల మధ్య, పూలకాడ అప్పుడే రూపు దిద్దుకుంటూ ఉంటుంది. ఎన్ని మొగ్గలు రావాలో ఆ రోజుల్లోనే తేలిపోతుంది. అప్పుడు మొక్క నీళ్ళకు మొహం వాచిందా, మొగ్గలు తగ్గిపోతాయి. ఒక్కోసారి కాడే రాదు. మూడో ఆకు వచ్చినప్పుడు ఊరికి వెళ్ళవలసి వస్తే, పక్కింటివాళ్ళకు చెప్పి మరీ వెళ్ళండి. మూడో ఆకు. అప్పుడే గుప్పెడు వర్మీకంపోస్టు వేసి, మొదట్లోకి మట్టి ఎగదోయండి. ఆరో ఆకు వచ్చాక మరోసారి అలాగే చేయండి.

ఇప్పుడు చెప్పబోయేది నల్గొండ, ప్రకాశం, అనంతపురం వైపు శ్రోతలు ప్రత్యేకంగా వినాలి. మీ మొక్క ఆకుల కొసలు ఎండుగడ్డి రంగులోకి మాడుతూ, ఆ మాడు మెల్లగా కిందికి దిగుతోందా? నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తున్నారా? ఆగండి. అది నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల కావచ్చు. ఫ్లోరైడ్‌ను అస్సలు ఓర్చుకోలేని మొక్కల్లో గ్లాడియోలస్ పేరు ముందు వస్తుంది. గాలిలో ఫ్లోరైడ్ కాలుష్యం ఉందా లేదా అని తెలుసుకోవడానికి కొన్ని దేశాల్లో శాస్త్రవేత్తలు ఈ మొక్కనే కావాలని నాటి, ఆకు కొసలు గమనిస్తారు. మనుషుల పళ్ళమీద, ఎముకల మీద ఫ్లోరైడ్ ఏం చేస్తుందో ఆ జిల్లాల వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మనకు సరిపడే నీళ్ళు కూడా ఈ మొక్కకు సరిపడకపోవచ్చు. లీటరు నీటిలో ఒక్క మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నా, కోసి పెట్టిన కాడ దెబ్బతింటుంది. పూరేకుల అంచులు మాడతాయి, మొగ్గలు విచ్చకుండా ముడుచుకుపోతాయి.

మరేం చేయాలి? బోరునీళ్ళ బదులు వాననీళ్ళు పట్టి ఉంచుకుంటే అవి పోయండి. నది నీళ్ళ కొళాయి ఉంటే అవి పోయండి. పూలకూజాలోకి మాత్రం ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళు వాడండి. కూజాకు పట్టేది ఒకటి రెండు గ్లాసులేగా. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. ఆకు కొసలు మాడుతున్న చోట ఆ ఎరువు వేయకండి.

పురుగుల విషయం క్లుప్తంగా చెబుతాను. ఈ మొక్కకు పెద్ద బెడద తామరపురుగు. కంటికి ఆనీ ఆననంత సన్నని పురుగు. అది రసం పీల్చిన చోట ఆకు మీద వెండిరంగు చారలు పడతాయి. చారలు కనిపించగానే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, సాయంత్రం పూట ఆకుల సందుల్లోకి పిచికారీ చేయండి. నీలం రంగు జిగురు అట్టలు కడితే చాలా పురుగులు వాటికి అంటుకుంటాయి. ఇంకొకటి దుంపకుళ్ళు. పక్క మొక్కలు పచ్చగా ఉండగా ఒకటి మాత్రం అడుగు నుంచి పసుపుబారి వంగిపోతుంటే, దాన్ని మట్టితో సహా తీసేయండి. కంపోస్టు గుంటలో వేయకండి. ఆ చోట రెండు మూడేళ్ళు గ్లాడియోలస్ నాటకండి. కుండీ అయితే మట్టి మార్చేయండి.

కాడ వచ్చింది. ఎప్పుడు కోయాలి? అన్నీ విచ్చేదాకా ఆగకండి. అడుగున ఉన్న ఒకటి రెండు మొగ్గలు రంగు చూపిస్తే చాలు, కోసేయొచ్చు. మిగతావి కూజాలో విచ్చుతాయి. పొద్దున్నే గానీ, చల్లబడ్డాక సాయంత్రం గానీ కోయండి. పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, వెంటనే నీళ్ళలో పెట్టండి. కోసేటప్పుడు ఎన్ని ఆకులు వదలాలి? నాలుగు. మొక్కకు నాలుగు ఆకులు వదిలి, ఆ పైన కోయాలి. కోసిన కాడను పడుకోబెట్టకండి. పడుకోబెడితే దాని కొస పైకి వంగుతుంది, మళ్ళీ తిన్నగా రాదు. కూజా నీళ్ళలో లీటరుకు చెంచాడు పంచదార, కొన్ని చుక్కల నిమ్మరసం వేస్తే పైమొగ్గలకు బలం వస్తుంది. రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చి, కాడ అడుగున అంగుళం తరిగి, వాడిన పువ్వు తీసేయండి.

ఇప్పుడు అసలు పని. అందరూ వదిలేసే పని. కాడ కోసిన మొక్కకు మామూలుగానే నీళ్ళు పోయండి. కోయకుండా మొక్కమీదే ఉంచుకున్న కాడ అయితే పువ్వులు వాడాక దాన్ని తీసేయండి, గింజ కట్టనివ్వకండి. వీలైతే మొక్కకు చిటికెడు పొటాష్ వేయండి. దుంప ఊరడానికి అది పనికొస్తుంది. నెలన్నర గడిచేసరికి ఆకులు వాటంతటవే పసుపుబారతాయి. అప్పుడు నీళ్ళు తగ్గించి, క్రమంగా మానేయండి. సగానికి సగం ఆకులు ఎండాక, ఉగాది ముందూ వెనకా, తవ్వండి.

ఈ తవ్వకం మాత్రం ఇంట్లో పిల్లల్ని పిలిచి చూపించండి. ఆకులు పట్టుకుని లాగకండి, దూరం నుంచి తొల్చుకుంటూ రండి. పైన నున్నగా, నిండుగా కొత్త దుంప. దాని అడుగున ముడుచుకుని, నల్లబడి, బిళ్ళలా అంటుకున్న పాత దుంప. రెంటి నడుమ నుంచి సన్నని తీగలకు శనగగింజంత, బఠాణీ అంత పిల్లదుంపలు, ఒక్కోసారి పదులకొద్దీ. ఒక మొక్క ఏడాది సంపాదనంతా మీ అరచేతిలో ఉంటుంది.

మట్టి దులిపి, వారం పది రోజులు నీడలో, గాలి ఆడేచోట ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. ఆరాక పాత దుంపను చేత్తో విరిస్తే ఊడివస్తుంది. దాన్ని పారేయండి. కొత్త దుంపల్ని తెగులు మందు నీళ్ళలో ముంచి, మళ్ళీ ఆరబెట్టి, వల సంచిలోనో కాగితపు సంచిలోనో పోయండి. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి కుళ్ళుతాయి. తవ్వగానే మళ్ళీ నాటినా అవి మొలవవు. వాటికి మూడు నెలల దాకా నిద్ర ఉంటుంది. ఆ నిద్ర మన ఏప్రిల్, మే ఎండల్లో గడవాలి. వ్యాపారంగా పెంచేవాళ్ళు శీతల గిడ్డంగుల్లో నాలుగైదు డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. మనకు ఫ్రిజ్‌లో అడుగున కూరగాయల అర ఉంది. అందులో పెట్టండి. సంచి మీద పేరు రాయండి, ఎవరైనా ఉల్లిపాయలనుకుని కూరలో వేసే ప్రమాదముంది. ఇవి తినకూడనివి. చిన్నపిల్లలకూ, కుక్కలకూ అందకుండా ఉంచండి. నెలకోసారి తీసి చూసి, మెత్తబడింది ఉంటే ఏరేయండి. నాటే రోజులు వచ్చినప్పుడు వారం ముందు తీసి బయట ఆరబోస్తే, మొలక మొన తేలుతుంది.

పిల్లదుంపల్ని పారేయకండి. వాటినీ అలాగే దాచి, దీపావళికి ఒక పక్కన చాలు తీసి చల్లండి. మొదటి ఏడు సన్నని ఆకులే వస్తాయి. రెండో ఏడు దుంప ఊరుతుంది. రెండో ఏడో, మూడో ఏడో పూస్తాయి. మీకు చోటు లేకపోతే ఇరుగుపొరుగు వాళ్ళకు ఒక్కో గుప్పెడు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు నాలుగు ఆకుల మాట కూడా చెప్పి ఇవ్వండి.

సెలవు.